హతుని ఇంటివారు

గుంతకల్లు రైల్వేస్టేషనుకు సమీపమున హంపన్న పేర ఒక స్మారకశిల నిలిచియున్నది. 1893వ సంవత్సరము అక్టోబరు నెలలో ఆ మార్గమున పోవుచు విడిదిచేసిన తెల్లసేనలోని సైనికులు కొందఱు ఇద్దఱు స్త్రీలను వెంబడింపగా, వారు మానప్రాణభీతులై రైల్వేగేటు కాపరి గుడిసెను శరణుజొచ్చిరి. ఆ గేటుకాపరి, గూళపాళెము హంపన్న, వారిని వెలికి పంపనని వాకిట అడ్డముగా నిలువబడి, తుపాకిగుండు తగిలి కూలెను. నేరము మోపబడిన ఆష్‌ఫోర్డ్ అను కార్పొరల్‌ను మద్రాసు హైకోర్టులో విచారించిరి. జ్యూరీవారు అతనిని నిర్దోషియని విడిచిపుచ్చిరి. గుత్తిలో వకీలుగా నుండి 'హిందూ' పత్రికకు వ్రాయుచుండిన పట్టు కేశవపిళ్ళగారు ఈ వృత్తాంతమును దేశమునకు ఎఱుకపఱచి, అధికారుల ఆగ్రహమునకు గుఱియైరి. న్యాయస్థానము చేయలేని పనిని చందాలు చేసినవి. ప్రజలిచ్చిన ద్రవ్యముతో ఆ శిల వెలసినది.

ఆ శిలవలన హంపన్న పేరు మనకు దక్కినది, అతడు మరణించిన రీతియు దక్కినది. అతని ఇంటివారు ఆ తరువాత ఎట్లు బ్రదికిరో తెలిపెడు చరిత్ర మాత్రము దక్కలేదు. ఈ లోపము ఆ శిలదికాదు. మన దేశమున హత్యలను గూర్చిన వ్రాత యంతయు హంతకుని గూర్చియో, అతనిని శిక్షించు ప్రభువును గూర్చియో సాగినది. ఉరిశిక్ష ఉండవలెనా, తొలగవలెనా అని పండితులు వాదించునప్పుడును రెండు పక్షములవారును హతుని కుటుంబమును సాక్ష్యమునకు పిలుతురు గాని, ఆ కుటుంబమునకు ఏమి కావలెనని అడిగినవారు అరుదు. సంవత్సరమునకు ఐదువందలయేబది మిల్లీమీటర్ల వాన కురిసిన గొప్పగా చెప్పుకొను ఈ అనంతపురపు మెట్టసీమలో, వేరుసెనగ పండినను పండకున్నను కక్షలు మాత్రము తప్పక పండెడి ఈ నేలమీద, ఆ ప్రశ్నకు దీర్ఘమైన పూర్వకథ కలదు.

తెలుగుదేశమున వైదికులలో పెక్కుమంది ఆపస్తంబసూత్రులు. ఆ ఆపస్తంబుని ధర్మసూత్రమున, క్షత్రియుని చంపినవాడు వేయి గోవులను, వైశ్యుని చంపినవాడు నూఱింటిని, శూద్రుని చంపినవాడు పదింటిని, ప్రతిదానితోను ఒక వృషభమును ఈయవలెనని విధి కలదు. వృషభము ప్రాయశ్చిత్తమునకైనను, ఆ గోవులనిచ్చుట పాపశాంతికని గాక వైరము తీఱుటకని సూత్రకారుడు చెప్పుట గమనింపదగినది. ప్రాణమునకు వర్ణమునుబట్టి వెలగట్టిన ఆ లెక్క మనకు రోతపుట్టించును, పుట్టింపవలెను కూడ. అయినను హత్య రెండు కుటుంబముల నడుమ తెగిపోయిన సంబంధమనియు, దానికి ఏదియో ఒకటి చెల్లింపక తప్పదనియు ఆనాటివారు గ్రహించియుండిరి. పిదపకాలపు స్మృతులలో ఈ గోసంఖ్య ప్రాయశ్చిత్తముగ మాఱిపోయెను, దండన రాజు చేతికి పోయెను. పదుమూడవ శతాబ్దమున కేతన మితాక్షరను తెనిగించి విజ్ఞానేశ్వరీయమును రచించునాటికి వ్యవహారము ఒక కాండము, ప్రాయశ్చిత్తము వేఱొక కాండము. హతుని ఇల్లు ఈ రెండింటికిని నడుమ ఎచ్చటనో జాఱిపోయినది.

అయితే శాస్త్రములకంటె శిలలు కొంత దయగలవి. నొళంబుల రాజధానియైన హేమావతి ఈ సీమలోనిదే. ఆ కాలపు కన్నడశాసనములలో, పసులమందను కాపాడుచునో, ఊరి పోరాటముననో ప్రాణములు విడిచినవాని సంతతికి ఇచ్చెడి భూమికి 'నెత్తరు కొడగి' అని పేరు కలదు. వీరగల్లు నిలిపి యూరకుండక, ఆ రాతి క్రింద ఇంత పొలమును నిలిపిరి. అది యుద్ధమున చచ్చినవానికి దక్కిన గౌరవమే గాని, దారికాచి చంపబడినవానికి దక్కినది కాదు. ఐనను మడిచెక్క యొకటి ఉన్నచో విధవ యిల్లు నిలుచునన్న యెఱుక పాలకులకు ఉండెనని దానివలన తెలియుచున్నది.

తరువాత గోలకొండ, మొగలు, ఆసఫ్‌జాహీ, మైసూరు నవాబుల యేలుబడులలో క్రిమినల్ వ్యవహారములందు ఇస్లాము న్యాయశాస్త్రము ప్రమాణమైనది. ఆ శాస్త్రమున బుద్ధిపూర్వకమైన హత్యకు ఫిర్యాది ప్రభుత్వము కాదు, హతుని వారసులు. ప్రాణమునకు ప్రాణము కోరుట ఒక హక్కు, దానిని 'ఖిసాస్' అందురు. నెత్తుటి సొమ్ము పుచ్చుకొని ప్రాణము విడుచుట రెండవది, అది 'దియత్'. ఏమియు పుచ్చుకొనక క్షమించుట మూడవది. గ్రంథములు దానినే శ్రేష్ఠమని పొగడినవి. వారసులలో ఏ ఒక్కరు క్షమించినను ఖడ్గము లేవరాదు. కాజీ తీర్పునకు ముందు తల్లినో భార్యనో అడుగవలసినదే. ఉరికి ప్రత్యామ్నాయమును గూర్చి నేడు వ్రాయువారు క్రొత్తమాట చెప్పుచున్నామని తలంతురు గాని, ఆ ప్రత్యామ్నాయము ఈ దేశపు న్యాయసభలలో శతాబ్దములు నడచినదే. అది ఎవరిచేతిలో నుండెనో అది మాత్రము మఱచిపోయితిమి.

ఈ హక్కును తొలగించినవాడు కారన్‌వాలిస్ ప్రభువు. 1790 మొదలుకొని 1793 వఱకు బంగాళమున అతడు జేసిన క్రిమినల్ సంస్కరణములలో, వారసుల యిచ్ఛ యెట్లున్నను హంతకునికి శిక్ష తప్పరాదని విధింపబడినది. న్యాయసభలోని మౌల్వీ, వారసులు ఖిసాసే కోరినట్లు భావించుకొని ఫత్వా ఈయవలెను. అనగా కుటుంబము ప్రతీకారమునే కోరుచున్నదని చట్టము ఒక కల్పన చేసినది. క్షమించెడి తల్లి చట్టమున మాయమయ్యెను. 1800లో నిజాము ఈ సీమయు చేరిన దత్తమండలములను కంపెనీకి అప్పగించెను. 1802లో మద్రాసు రాజధానికిని బంగాళపు పద్ధతులే రెగ్యులేషన్లుగ దిగినవి. దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో తన కచ్చేరిని అనంతపురమున నెలకొల్పి, ఎనుబదిమంది పాళెగాండ్రను అణచి, పన్ను నిర్ణయించుచుండిన కాలమిదియే.

కంపెనీవారి వాదములో సత్యము లేకపోలేదు. ధనికుడు చంపి, బీదవాని యింటిముందు నాలుగు రూకలు విసరి, మీసము దువ్వుకొనుచు పోవుటకు ఆ పాతధర్మము వీలిచ్చినమాట నిజము. వారసుడే హంతకుడైనపుడు క్షమించువా డెవడు, క్షమింపబడువా డెవడు? హత్య ప్రజలందఱిపైని నేరమనుట నాగరకమైన తలంపే. నాకు ఆక్షేపణ వేఱొకచోట గలదు. హక్కును తీసికొన్న ప్రభుత్వము బదులుగ ఆ యింటికి ఏమి ఇచ్చెను? ఈ సీమలో కావలివ్యవస్థ యొకటి ఉండెడిది. పాళెగాడో తలారియో మేర పుచ్చుకొని ఊరిని కాచి, దొంగసొత్తు పట్టుకొనలేనిచో దాని వెలను తానే ఇచ్చుకొనవలెను. ఎద్దు పోయినవానికి వెల దొరకు మార్గమొకటి ఉండెను గాని, మొగుడు పోయినదానికి కంపెనీ రెగ్యులేషన్లలో ఆ పాటి మార్గమును లేకపోయెను.

1862 జనవరి 1న భారత శిక్షాస్మృతి అమలులోనికి వచ్చినది. అనంతపురము 1882లో బళ్ళారి నుండి విడివడి వేఱు జిల్లాయయ్యెను. హత్యకు శిక్ష విధించు 302వ సెక్షను సంఖ్య క్రమముగ పల్లెలలో సైతము తెలిసిన మాటయైనది. 2024లో ఆ స్మృతి తొలగినను, ఇప్పటికిని ఈ ప్రాంతమున 'వానిమీద మూడువందల రెండు ఉన్నది' అన్న చాలును. 1898నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు ప్రకారము, మరణశిక్షకు తగిన నేరమునకు వేఱుశిక్ష విధించిన న్యాయమూర్తి, ఉరి ఏల వేయలేదో కారణము వ్రాయవలెను. ఉరియే సహజము, బ్రదుకనిచ్చుటయే వింత. 1955లో ఆ నియమము తొలగెను. 1973నాటి కోడులో తలక్రిందై, ఉరి వేయుటకే ప్రత్యేకకారణములు వ్రాయవలసివచ్చెను. 1980లో బచన్‌సింగ్ తీర్పు 'అరుదైనవాటిలో అరుదు' అను గిరిగీచినది. ఈ నూఱేండ్ల మార్పులలో హతుని కుటుంబము స్థితి మాత్రము మాఱలేదు. వారిలో ఒకడు ఫిర్యాదు చెప్పవలెను, సమను వచ్చినప్పుడు బోనెక్కవలెను, చెట్టుక్రింద కూర్చుండి పిలుపుకొఱకు కనిపెట్టుకొనవలెను. ఆపై వారితో పనిలేదు. ఇరుపక్షములు రాజీపడదగిన నేరముల పట్టికలో హత్య లేదు గనుక, వారు క్షమింపదలచినను చట్టమునకు వినబడదు.

వినబడదు గనుక రాజీ ఆగినదా? లేదు, ముసుగు వేసికొన్నది. పెద్దమనుష్యులు కూర్చుందురు, హతుని కుటుంబమునకు ఇంత రొక్కమో, ఇంత పొలమో, పిల్లవాని చదువో, ఆడపిల్ల పెండ్లియో తీర్మానమగును, కోర్టులో సాక్షులు అడ్డము తిరుగుదురు. 'చీకటిలో గుర్తుపట్టలేదు' అను ఒక్క వాక్యముతో కేసు కొట్టివేయబడును. పేరు చెప్పని ఈ దియత్తునందు పూర్వపు కాజీగారి కంటిచూపు కూడ లేదు. ఇష్టముతో పుచ్చుకొన్నదెంత, కత్తికి జడిసి పుచ్చుకొన్నదెంత అని అడుగు నాథుడు లేడు. కారన్‌వాలిస్ ఏ దోషమును మాన్పదలచెనో ఆ దోషము మానలేదు, అందున్న గుణము మాత్రము పోయినది. రాజీకి ఒడబడనివారికి మిగిలినది రెండవ త్రోవ. కొడుకు పెరుగు వఱకు వేచియుండుట.

అటులని ఉరికంబము ఈ సీమకు తెలియనిదికాదు. 1976లో రాజమహేంద్రవరము కేంద్రకారాగారమున ఉరితీయబడినవాడు అనంతపురము జిల్లావాడే. అచ్చట అదియే తుదియురి యని పత్రికలు అప్పుడప్పుడు జ్ఞాపకము చేయుచుండును. ఉరి జరిగినచోటు గోదావరిగట్టు, నేరము జరిగినచోటు వాననెఱుగని మెట్ట. నడుమ వందలకొలది కిలోమీటర్లు. ప్రభుత్వము హతుని కుటుంబము పేర చేసిన ఆ కడపటికార్యము ఆ కుటుంబమునకు చాల దూరమున, గోడలనడుమ, తెల్లవాఱకమునుపు ముగిసినది. అంతకు రెండు నెలల పూర్వము, 1975 డిసెంబరు 1న, ముషీరాబాదు జైలులో ఆదిలాబాదు రైతులైన భూమయ్య, కిష్టాగౌడులను ఉరితీసిరి. వారికొఱకు దేశవిదేశములలో ఉద్యమము నడచినది, కన్నబిరాను వంటి న్యాయవాదులు పోరాడిరి. ఉరిశిక్షకు వ్యతిరేకముగ తెలుగుదేశమున కలిగిన చైతన్యమునకు అదియే మొదలు.

ఆ యుద్యమపు మఱుగున పడినది దానికి ముందటి సంవత్సరపు తీర్పు. 1974లో ఆంధ్రప్రదేశ్ నుండి వెడలిన ఈడిగ అనమ్మ కేసులో సుప్రీంకోర్టున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరు ఉరిని యావజ్జీవముగ మార్చెను. ఆమె ఒక యువతిని, ఆమె పసిబిడ్డను చంపిన నేరస్థురాలు; నేరము ఘోరము. కృష్ణయ్యరుగారు నిందితురాలి చిన్నవయస్సును, ఆమెకొక పసివాడు గలడన్న సంగతిని, ఏండ్లతరబడి ఆమె తలపై వ్రేలాడిన ఉరియొక్క యాతనను, ఆమె చిక్కుకొన్న సంసారపు సుడిగుండమును ఎన్నిచూపిరి. నేరమునే గాక నేరస్థునికూడ తూచవలెనను ఆ తీర్పు తరువాతి న్యాయశాస్త్రమునకు త్రోవచూపినది. నాకు ఆ తీర్పుపై గౌరవము గలదు. దానిని చదివినప్పుడెల్ల వేఱొక ప్రశ్నయు తోచును: చనిపోయిన తల్లీబిడ్డల ఇంటివారు ఏమి కోరిరి? శిక్షను తూచిన త్రాసులో ఆ కోరిక కొక తట్ట లేదు. వారు ఉరినే కోరి యుండవచ్చును, కోరక యుండవచ్చును. దయ చూపుటకును వారి మాట అవసరము కాలేదు, దయ నిరాకరించిన క్రిందికోర్టులకును అవసరము కాలేదు.

ఇక ఈ జిల్లా పేరు చెప్పగనే అందఱకు జ్ఞప్తికి వచ్చు కథ, పరిటాల, గంగుల కుటుంబముల నడుమ నడచిన పగ. పరిటాల శ్రీరాములు 1975లో హత్యకు గురియయ్యెను. గంగుల నారాయణరెడ్డి హతుడయ్యెను. పెనుకొండ శాసనసభ్యుడు సానె చెన్నారెడ్డి 1991లో హతుడయ్యెను. 1993లో టెలివిజన్ పెట్టెలో దాచిన బాంబు పేలి, నారాయణరెడ్డి కుమారుడు మద్దెలచెరువు సూరి ఇంటివారు మరణించిరి. 1997 నవంబరు 19న హైదరాబాదులో శ్రీరాములు కుమారుడు రవి లక్ష్యముగ కారుబాంబు పేలెను. రవి బ్రదికెను, ఇరువదియాఱుగురు చనిపోయిరి. ఆ కేసులో సూరికి యావజ్జీవము పడినది. 2005 జనవరి 24న రవిని అనంతపురమున పార్టీ కార్యాలయములోనే చంపిరి. ఆ కేసులో ప్రధాననిందితుడగు మొద్దు శీను 2008 నవంబరులో అనంతపురము జైలులో తోడిఖైదీ చేతిలో చచ్చెను. జైలు నుండి వెలికివచ్చిన సూరి 2011 జనవరిలో హైదరాబాదులో హతుడయ్యెను. ఆ కేసులో అతని యనుచరునికి 2018లో యావజ్జీవము పడినది.

ఈ వరుసను చదువువానికి తోచునది, ఇచ్చట ఉరి లేకపోవుటవలన పగ పెరిగినదని కాదు. ప్రతి చావునకును ఒక హతుని కుటుంబము గలదు. ఆ కుటుంబము న్యాయస్థానమునకు వెలుపలనే తన తీర్పు చెప్పుకొన్నది. శిక్ష ఉరియా, యావజ్జీవమా అను విచారము, శిక్ష పడుననెడి నమ్మకము గలచోట పుట్టవలసినది. సాక్షి ప్రాణభయము లేక బోనెక్కజాలని చోట 302కు వ్రాసిన రెండు శిక్షలును కాగితముపైనివే. ఉరికి జడియుటకు మొదట దొరకిపోదుమను భయముండవలెను గదా! ఆ వరుసలో శిక్షపడిన చోటులను చూడుడు. హైదరాబాదు నడివీథిలో జనులు చూడగ జరిగిన ప్రేలుడు అందులో ముఖ్యమైనది.

భర్తలను పోగొట్టుకొన్న ఇద్దఱు స్త్రీలు ఈ కథలో రాజకీయముల కెక్కిరి. పరిటాల సునీత 2005లో భర్తస్థానమునుండి శాసనసభకు ఎన్నికై, తరువాత మంత్రియయ్యెను. సూరి భార్య గంగుల భానుమతి, భర్త జైలులో నుండగా 2004లో రవికి ఎదురుగ పోటీచేసి యోడెను. ఓటర్లు వారికి సానుభూతిని ఈయగలిగిరి, శాసనసభ పదవిని ఈయగలిగినది. కారుబాంబులో చనిపోయిన ఇరువదియాఱుగురి ఇండ్లకు ఇది లేదు. వారిలో టెలివిజన్ వార్తలకై వచ్చిన విలేఖరులు, కెమెరా పనివాండ్రు గలరు. వారికి ఏ వర్గమును లేదు, ఏ పగయు లేదు. శ్రీరాములు జీవితమునుబట్టి తీయు చలనచిత్రపు ముహూర్తము నాడు పనిమీద పోయి మరల రానివారు. వర్గనాయకుల వెంటనుండు డ్రైవర్లు, గన్‌మెన్లు, కూలికి పోయి బాంబుసంచి మోసిన కుఱ్ఱవాండ్ర ఇండ్లును ఇట్టివే. ఎఱ్ఱమట్టి లేపుచు దూసుకొనిపోవు సుమోలను, తొడగొట్టు కొడుకులను తెరపై చూపి కోట్లు గడించిన మన సినిమాలు, సంవత్సరీకము పెట్టుటకు అప్పుచేసిన తల్లిని చూపుటకు ఎన్నడును ముచ్చటపడలేదు; ఆమె పాత్రకు డ్యూయెట్ పెట్టవీలుకాదని కాబోలు.

ఇదే జిల్లాలో, ఇదే కాలమున, వేఱొక ప్రయోగమును జరుగుచుండెను. అనంతపురమునకు చేరువ, బుక్కరాయసముద్రము మండలములోని రెడ్డిపల్లిలో 1965లో ఖైదీల వ్యవసాయక్షేత్రమును స్థాపించిరి; జనులు దానిని ఓపెన్‌జైలు అందురు. వేయి యెకరములకు పైబడిన మెట్టభూమి అది. హత్యకు యావజ్జీవము పడి, కొన్నియేండ్లు కేంద్రకారాగారమున సత్ప్రవర్తనతో గడిపినవారిని ఎంపికజేసి అచ్చటికి పంపుదురు. ఎత్తయిన గోడలు లేవు; దున్నుట, విత్తుట, కలుపుతీయుట, నీరు కట్టుట వారి పని; అచ్చట గడపిన దినములకు శిక్షలో తగ్గింపు అధికముగ దొరకును. ఒకనాడు పొలముగట్టు తగవులో కొడవలి యెత్తినవాడే మరల కొడవలి పట్టి కోతకోయును. వానలు తప్పిన యేట అతనికిని ప్రక్కయూరి రైతునకును చింత యొకటే. ఉరికి ప్రత్యామ్నాయమేదియని గ్రంథములు వెదకువారు రెడ్డిపల్లి పొలము చూచినచో కొంత ప్రత్యుత్తరము దొరకును. కొంత మాత్రమే: మొద్దు శీను చంపబడిన జిల్లాజైలును ఆ రెడ్డిపల్లిలోనిదే. గోడలేని క్షేత్రమున మనుష్యుని నమ్మిన ప్రభుత్వము, గోడలుగల జైలులో ఒక ఖైదీ ప్రాణమును కాపాడలేకపోయినది.

ఈ క్షేత్రమునకును హతుని యింటికిని నడుమ ఒక కాలువ త్రవ్వదగియుండెను. 1998లో గుజరాతు ఖైదీల కూలినిగూర్చిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఖైదీకి న్యాయమైన కూలి ఈయవలెననియు, అందులో కొంతభాగమును తీసి అర్హులైన బాధితులకు పరిహారముగ చెల్లించుటకు రాష్ట్రములు చట్టముచేయవలెననియు ఆదేశించినది. దీనిని చదివినపుడు నాకు ఆపస్తంబుని గోవులు తలపునకు వచ్చినవి. ఈమాఱు వర్ణమునుబట్టి లెక్కలేదు, ఇచ్చునది వంశపుసొత్తు గాదు, చంపినవాని చేతికష్టము. సేద్యమెఱిగిన ఖైదీలు, సేద్యమే ఆధారమైన బాధితకుటుంబములు గల అనంతపురమున దీనికి తగినంత నేల యున్నది. దేశమున ఈ ఆదేశము నడచిన తీరు మందము. కూలియే స్వల్పము, స్వల్పములో భాగము మఱింత స్వల్పము. రూపాయల లెక్కలో అది ఒక వితంతువు యింటిని నిలుపలేదని ఆక్షేపింపవచ్చును. కాని ప్రతినెలయు ఆ పొలమునుండి వచ్చు మనియార్డరు, ఉరికంబము ఎన్నడును ఈయలేని దొకటి ఇచ్చును: చంపినవాడు ఏమిచేయుచున్నాడన్న సమాచారము.

బాధితులందఱును క్షమామూర్తులని చెప్పుట అబద్ధము. 2005లో కర్నూలు జిల్లాకు చెందిన ఒక రాజకీయనాయకునికి హత్యకేసులో పడిన శిక్షను గవర్నరు తగ్గింపగా, హతుని కుమారుడు సుప్రీంకోర్టు కెక్కెను. 2006 అక్టోబరులో ఆ కోర్టు గవర్నరు ఉత్తర్వును కొట్టివేసి, కులమును మతమును రాజకీయమును చూచి క్షమాభిక్ష పెట్టుట చెల్లదని చెప్పెను. ఆ కుమారుడు అడిగినది ఉరి కాదు. విధించిన శిక్షను అధికారపక్షము చెఱిపివేయరాదని. ఫ్యాక్షన్ సీమలో ఒక కొడుకు కత్తి పట్టక రిట్టు పిటిషను పట్టుట చిన్నసంగతి కాదు. ఉరిని వ్యతిరేకించువారు ఇట్టివానిని ఎదిరిపక్షమున చేర్చుకొనుట పొరపాటు; ప్రత్యామ్నాయశిక్ష నమ్మదగినదై యుండవలెనని వానికంటె గట్టిగా చెప్పినవారు లేరు.

క్షమించినవారును గలరు. 1949లో గాంధీగారి కుమారులు మణిలాల్, రామదాసులు గాడ్సేను ఉరితీయవలదని ప్రార్థించిరి. ప్రభుత్వము వినలేదు, నవంబరు 15న అంబాలాలో ఉరితీసిరి. అమెరికాలో అత్తగారిని హంతకునికి కోల్పోయిన మేరీ డీన్స్ అను స్త్రీ, ఉరిని కోరని బాధితకుటుంబముల నొకచోట చేర్చి 1976లో సంఘమును స్థాపించెను. మనకు సంఘము లేదు. 1993 మార్చి 8న చిలకలూరిపేటకడ బస్సు తగులబడి ఇరువదిముగ్గురు చనిపోయిరి. దోపిడికై ఆ ఘాతుకముచేసిన చలపతిరావు, విజయవర్ధనరావులకు ఉరిపడినది. 1997 మార్చిలో ఉరితీయుటకు తేదీ నిర్ణయింపగా, తుదిగడియలలో సుప్రీంకోర్టు నిలిపివేసెను. మహాశ్వేతాదేవి మొదలగువారు రాష్ట్రపతికి విజ్ఞాపన లంపిరి, పౌరహక్కులవారు పోరాడిరి, రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవముగ మార్చెను. ఆ పోరాటము సాహసముతో కూడినది, న్యాయమైనది. హతులలో బీదలున్నట్లే దోషులును బీదలని, దళితులని వారు చూపిరి. అయినను ఆ ఇరువదిముగ్గురి ఇండ్లకు పోయి, వారితో కలిసి ఆ విజ్ఞాపనను వ్రాయుట జరిగియున్నచో, ఉరికి వ్యతిరేకమగు మాట తెలుగుదేశమున ఇంకను లోతుగ నాటుకొని యుండెడిది. హంతకుని ప్రాణమును కోరువారు హతుని యింటి గడప త్రొక్కవలెనను సంప్రదాయము మనకింకను ఏర్పడలేదు.

చట్టము కొంత కదలినది. 2009 చివరి దినమునుండి బాధితులకు పరిహారపథకము, నిందితుని విడిచిన తీర్పుపై బాధితునికే అప్పీలుహక్కు వచ్చినవి. 2015లో లా కమిషన్, ఉగ్రవాదము, ప్రభుత్వముపై యుద్ధము అను నేరములు తప్ప తక్కినవాటికి ఉరిని తొలగింపుమని సిఫారసుచేయుచు, ఉరిమీదనే దృష్టి నిలుపుటచే బాధితుల పునరావాసము మఱుగున పడుచున్నదని గుర్తించెను. 2018లో సాక్షిరక్షణకు ఒక పథకము సుప్రీంకోర్టు ఆమోదముతో వచ్చినది. ఈ సీమకు అది వందయేండ్లు ఆలసించి వచ్చిన వాన. 2024 జూలై 1న అమలైన క్రొత్త క్రిమినల్ ప్రొసీజరు స్మృతి ప్రకారము, ప్రభుత్వము కేసు నుపసంహరించుకొనదలచినచో ముందు బాధితుని మాట వినవలెను. ప్రభుత్వము మాఱినప్పుడెల్ల కేసులు తేలికపడు రాయలసీమలో ఈ నియమమునకు పని యుండును. కాని యావజ్జీవఖైదీని ముందుగ విడుదలచేయునపుడు హతుని కుటుంబమును పిలిచి అడుగవలెనని ఆ స్మృతియు విధింపలేదు. ధర్మవరమునందో రాప్తాడునందో ఉన్న ఒక తల్లికి, తన కొడుకును చంపినవాడు ఇంటికి వచ్చెనన్న సంగతి ఇప్పటికిని సంతలోనో, బస్సులోనో, ఇరుగుపొరుగు నోటనో తెలియవలసినదే.